పక్షిగారి అద్దం కొలత

ఆయన అసలు పేరు ల్యాబులోని హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పక్షిగారే. అనుమానప్పక్షి అని పూర్తిగా పిలవడానికి బద్ధకించి ముందు ముక్క వదిలేశారు. "బాగున్నారా?" అని పలకరిస్తే "ఎందుకు, ఎవరేం చెప్పారు?" అని ఎదురడిగే మనిషికి ఇంకేం పేరు పెడతారు లెండి. లిఫ్టు ఆలస్యంగా వచ్చినా అనుమానమే, నొక్కగానే వచ్చినా అనుమానమే.

అలాంటి మనిషి పనిచేసే చోట ఒక సోమవారం పొద్దున మేనేజరు పన్నెండుమంది రైడర్లనీ పిలిచాడు. "మీ అందరి బళ్లకీ విండ్‌స్క్రీన్లు పెట్టిస్తున్నాం. పొద్దస్తమానం గాలికి ఎదురెళ్తున్నారు, మెడలూ చెవులూ పాడైపోతాయి. ఎవరి ఎత్తుకి సరిపోయే అద్దం వాళ్లు కొలిపించుకోండి," అన్నాడు.

పదకొండుమంది చప్పట్లు కొట్టారు. పక్షి మాత్రం చేతులు కట్టుకుని మేనేజరు మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

వీళ్ల పని ఊరంతా ఉన్న ఆసుపత్రులకి తిరిగి, రక్తం శాంపిళ్లు చల్లటి పెట్టెల్లో పెట్టుకుని, అవి పాడయ్యేలోపు ల్యాబుకి చేర్చడం. ఇరవై ఆరేళ్లుగా పక్షి అదే చేస్తున్నాడు. గ్లౌజులు చిరిగితే కొత్తవి ఇవ్వడానికి మూడు అర్జీలు రాయించుకునే ఆఫీసు, ఎవరూ అడక్కుండానే అద్దాలు పెట్టిస్తానంటోందా? ఎలుక మీద ప్రేమ పుట్టి ఎవడైనా బోనులో ఎర పెడతాడా!

"దీని వెనకాల ఏదో ఉందిరా," అన్నాడు పక్కనున్న రైడరుతో.

"ఉంది బాబాయ్. అద్దం వెనకాల నువ్వుంటావు," అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

పక్షికి నవ్వు రాకపోవడానికి కారణముంది. రెండేళ్లుగా ఆయనకి మెడనొప్పి. సాయంత్రమయ్యేసరికి భుజాల మధ్య మేకు దిగ్గొట్టినట్టుండేది. తలనొప్పి సరేసరి. ఈ సంగతి తెలిసిన మనిషి భార్య ఒక్కతే. పొద్దున్నే ఆవిడ మెడకి మందు రుద్దుతుంటే, "ఆఫీసులో చీమకి కూడా తెలియకూడదు. నా మీద ఒట్టు," అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆవిడ వేసింది. వెయ్యకపోతే మందు రాయనివ్వడు మరి.

ఆ భయం ఊరికే పుట్టలేదు. గడియారం అని ఇంకో రైడరు ఉండేవాడు, నిమిషం తేడా రాకుండా వస్తాడని ఆ పేరు. పాపం ఒకసారి నోరుజారి నడుం నొప్పిగా ఉందని ఆఫీసులో అన్నాడు. మర్నాటినుంచి అతన్ని పెట్టెల గదిలో వేశారు. అది కిటికీ లేని గది. ఖాళీ అయి వచ్చిన పెట్టెల్ని మందు నీళ్లతో కడిగి బోర్లించడం పని. జీతం తగ్గలేదు, నడుమూ బాగుపడింది. కానీ ఎవరు పెట్టె తెచ్చి ఇచ్చినా, "బయట వాన పడుతోందా?" అని అడుగుతాడు. ఆ మాట వినగానే పక్షి పెట్టె అక్కడే పెట్టి బయటపడేవాడు. మనుషుల్ని ఎవర్నీ నమ్మని ఆయన నమ్మింది ఒక్క రోడ్డునే. ఆ రోడ్డు కూడా లాక్కుంటే తను బతికి ఏం లాభం అనుకునేవాడు.

కొలతకి వెళ్లేముందు అందర్నీ ఒక కాగితం నింపమన్నారు. మెడనొప్పి ఉందా? చెవుల్లో హోరు ఉందా? తలనొప్పి వస్తుందా? "అద్గదీ సంగతి!" అనుకున్నాడు పక్షి. అద్దం వంక పెట్టి ఎవరి ఒంట్లో ఏముందో కూపీ లాగుతున్నారన్నమాట. లేదు, లేదు, లేదు అని వరసగా రాశాడు. మూడో 'లేదు' కింద గీత కూడా గీశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆ కాగితం పుచ్చుకున్న గుమస్తాకి అంత పరీక్షగా చూసే తీరిక లేదు కాబట్టి సరిపోయింది.

బళ్లకి అద్దాలు కోసి బిగించే షాపు నడిపేది ఒకావిడ. కొలతలక్క అంటారు. చెవిమీద పెన్సిలు, మెళ్లో టేపు, మోచేతులదాకా తెల్లటి ప్లాస్టిక్ రజను. గోడ పొడుగునా రకరకాల ఎత్తుల్లో అద్దాలు వేలాడుతుంటాయి. ఆవిడ టేపుతో మనిషిని కొలవదు. హెల్మెట్టు పెట్టించి బండి మీద కూర్చోబెట్టి, హ్యాండిలుకి ముందు అట్టముక్క నిలబెడుతుంది. కంటి దగ్గర్నుంచి, ఎదర నేలమీద గీసిన సుద్దగీతదాకా దారం లాగుతుంది. దారం అట్టని ఎక్కడ తాకితే అక్కడ గుర్తు పెట్టి, దానికి రెండువేళ్లు కిందకి అద్దం అంచు కోస్తుంది.

"అద్దం పైనుంచి చూడాలి అన్నగారూ, అద్దంలోంచి కాదు. అంచు కళ్లకి అడ్డమొచ్చిందనుకోండి, రోజంతా మెడ ఎత్తుకునే నడుపుతారు. దానికన్నా అద్దం లేకపోవడమే నయం. అందుకని మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి," అంది.

మామూలుగానా! మామూలుగా ఎలా కూర్చుంటాడో పక్షికి తెలీదా? వీపు వంచి, మెడ భుజాల్లోకి దించుకుని కూర్చుంటాడు. అలా కూర్చుంటే ఈవిడ ఊరుకుంటుందా? "మీ పెద్దాయనకి మెడ పోయిందండీ" అని ఆఫీసుకి ఫోను కొట్టదూ? వీళ్లకీ వాళ్లకీ లోపల్లోపల ఏముందో ఎవరికి తెలుసు! ఊపిరి బిగబట్టి, రొమ్ము విరుచుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"రోజంతా ఇలాగే కూర్చుంటారా?"

"ఇరవై ఆరేళ్లుగా ఇంతే."

"నిజంగానా?"

"ఏమ్మా, నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు పక్షి. ఆ మాట అంటున్నది ఎవరో చూడండి!

ఆవిడ దారం లాగి, పుస్తకంలో ఒక అంకె రాసుకుంది. తర్వాత ఆయన్ని ఓసారి, ఆయన బండేసుకుని వచ్చిన వీధిని ఓసారి చూసి, పక్కనే ఇంకో అంకె రాసి దాని చుట్టూ సున్నా చుట్టింది. పక్షి హెల్మెట్టు తీస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూశాడు. తన ముందు కొలిపించుకున్న నలుగురికీ తలా ఒక్క అంకే ఉంది. తనకి మాత్రం రెండు.

ఆ రెండోది ఎవరికోసం? అడుగుదామనుకున్నాడు. అడిగితే తన దగ్గర దాచే సంగతి ఉందని తెలిసిపోతుంది కదా. తేలుకుట్టిన దొంగలా బండి తీసుకుని వచ్చేశాడు. మూడోరోజుకి అద్దం బిగించి ఇచ్చారు.

ఇక అసలు బాధ అప్పుడు మొదలైంది. అద్దం అంచు సరిగ్గా కళ్లకి అడ్డంగా వచ్చింది. సగం రోడ్డు అద్దంలోంచి, సగం రోడ్డు పైనుంచి. మధ్యలో వేలెడు మందాన వంకరటింకరగా ఒక గీత. పైనుంచి చూద్దామని గడ్డం ఎత్తితే మెడలో మేకు ఇంకాస్త దిగేది. కిందకి వంగి అద్దంలోంచి చూద్దామంటే, దాని చాటున గాలి సుడి తిరిగి వెనకనుంచి వచ్చి హెల్మెట్టు మీద మొట్టికాయలు వేసేది. ఒకటా రెండా, రోజుకి తొమ్మిది గంటలు.

ఇంకెవరైనా అయితే రెండోరోజే వెళ్లి "అమ్మా, ఇది కుదరలేదు" అని మార్పించుకునేవాళ్లు. పక్షి అలా చేస్తాడా? ఆయన లెక్కే వేరు. కావాలనే తప్పుడు అద్దం పెట్టారు. నొప్పి అని నోరు తెరుస్తాడని కాచుకుని కూర్చున్నారు. తెరిచిన మరుక్షణం పెట్టెల గది. ఆ సున్నా చుట్టిన అంకె అందుకే. ఇలా అనుకుని, మింగలేక కక్కలేక, అదే అద్దంతో తిరిగాడు. కొన్నాళ్లు కొలతకి కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని నడుపుదామనీ చూశాడు. మొదటి సిగ్నలు దాకా బానే ఉండేది. మూడోదానికల్లా నడుం విరిగినంత పనయ్యేది.

"ఎలా ఉంది బాబాయ్ నీ అద్దం?" అని అడిగాడు తోటి రైడరు. వాడికి తనది భలే కుదిరింది. ఇప్పుడు బండి మీద పాటలు పాడుకుంటున్నా తన గొంతు తనకి వినిపిస్తోందట.

"బ్రహ్మాండం," అన్నాడు పక్షి. "ఎందుకడిగావు?"

రెండు వారాలకి ఆఫీసువాళ్లు ఇంకో కాగితం ఇచ్చారు, అద్దం ఎలా ఉందో రాయమని. ఎర మళ్లీ వేశారనుకుని పక్షి లోపల నవ్వుకున్నాడు. "అద్దం చాలా హాయిగా ఉంది. ఏ లోపమూ లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. ఇంట్లో భార్య అడిగినా అదే మాట. ఆవిడ మందు రాస్తూ, "మరి మెడ ఇలా కొయ్యబారి ఉందేంటి?" అంది. "నిన్న సరిగ్గా పడుకోలేదు," అన్నాడు. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ రాసింది. చెయ్యి ఎందుకు ఆగిందో మాత్రం మన పక్షిగారికి అనుమానం రాలేదు. రావలసిన చోట రాకపోవడమే ఆ జబ్బు లక్షణం.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, నాలుగు రోడ్ల కూడలిలో పిల్లల ఆసుపత్రి శాంపిళ్లతో మలుపు తిరుగుతున్నాడు. సైకిలు మీద ఒకామె ఎడమనుంచి వస్తోంది. ఆ అద్దం అంచు వెనక, ఆ వంకర గీతలో, మనిషి మనిషంతా మాయమైపోయింది. మళ్లీ కనిపించేసరికి ముందు చక్రానికి మూరెడు దూరంలో ఉంది. బ్రేకు నొక్కాడు. బండి పక్కకి జారి ఆగింది. ఆమె సైకిలు దిగి, "ఏవయ్యా, కళ్లు నెత్తికెక్కాయా? ఇంట్లో నాకోసం ఇద్దరు పిల్లలు చూస్తుంటారు!" అని అరిచింది. పక్షి శాంపిళ్లు ల్యాబులో దించి, బండి తిప్పి, తిన్నగా కొలతలక్క షాపుకి వెళ్లాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు? ఎవరు చెయ్యమన్నారు?" అన్నాడు గుమ్మంలోంచే.

"ఏం చెయ్యమన్నారు?"

"ఈ అద్దం. నాకు మాత్రం రెండు అంకెలు ఎందుకు రాశావు? ఆ సున్నా చుట్టింది ఆఫీసుకి పంపావా? ఇవాళ ఒక మనిషి చచ్చిపోయేది, తెలుసా?"

ఆవిడ చేతిలో రంపం పక్కన పెట్టింది. ఆయన మొహం చూసి, ముందు స్టూలు లాగి కూర్చోబెట్టి, నీళ్ల గ్లాసు ఇచ్చింది. అప్పుడు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

"మొదటి అంకె మీరు కూర్చుంటే వచ్చింది. రెండోది మీరు వీధిలోంచి వస్తుంటే నేను కిటికీలోంచి చూసింది. నాలుగు వేళ్లు తేడా. కొలతంటే అందరూ కొంచెం నిక్కుతారు అన్నగారూ, అది మామూలే. అందుకే ఇంకో వేలు తగ్గించి కోస్తాను. మీలా నాలుగు వేళ్లు నిక్కినవాళ్లని నేను చూడలేదు. పైగా ఇలాగే కూర్చుంటారా, నిజంగానా అని రెండుసార్లు అడిగాను. నమ్మకం లేదా అన్నారు. మరి నమ్మాను."

"మరి సున్నా ఎందుకు చుట్టావు?"

"ఆ కొలతకి కూడా ఒకటి కోసి పెట్టుకుందామని. వారంలో వస్తారనుకున్నాను. ఇరవై రోజులు ఓర్చుకున్నారు, మీకు దండం పెట్టాలి."

గోడకి వేలాడుతున్న ఒక అద్దం తీసుకొచ్చింది. పక్షి దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఎక్కడో మెలిక ఉండాలి కదా అని వెతికాడు. దొరకలేదు. చివరికి మెడనొప్పి సంగతీ, పెట్టెల గది సంగతీ అన్నీ నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. పెద్దగా పరిచయం లేని ఆవిడకి చెప్పగలిగాడు, చిత్రం.

"బండెక్కండి. ఊపిరి వదలండి. ఇంకా వదలండి," అంది ఆవిడ. వదిలాడు. భుజాలు దిగాయి, వీపు వంగింది. దారం లాగి చూస్తే సున్నాలో ఉన్న అంకే వచ్చింది. పావుగంటలో అద్దం మార్చి, కింద బ్రాకెట్టు దగ్గర కాస్త గాలి దూరేలా సందు వదిలి బోల్టులు బిగించింది.

వీధి మలుపు తిరిగాక గానీ పక్షికి తెలీలేదు. గాలి తల మీదుగా వెళ్లిపోతోంది. రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకే ముక్కగా కనిపిస్తోంది. చెయిన్ తిరిగే చప్పుడు వినిపించింది. అసలు తన బండికి అలాంటి చప్పుడుందని ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. ఇంటికి దగ్గర దారి ఉండగా కావాలని చుట్టుదారిన వెళ్లాడు. ఒంటరిగా గట్టిగా నవ్వాడు కూడా.

ఆ నవ్వుతోనే ఇంట్లోకి వెళ్లాడు. భార్య బయటికి వెళ్లొచ్చిన బట్టలతోనే, ఒళ్లో సంచి పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇదిగో, ఇవాళ ఏమైందో తెలుసా?" అన్నాడు.

"ముందు నన్ను చెప్పనివ్వు. నీ ఆఫీసుకెళ్లొచ్చాను."

పక్షి హెల్మెట్టు చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు.

"ఇవాళే కాదు, పోయిన నెల కూడా వెళ్లాను," అంది ఆవిడ. "అద్దాలు పెట్టించమని అడిగింది నేనే. నీ ఒక్కడికే పెడితే నువ్వు సవాలక్ష అనుమానాలు పడతావని, ఆ మేనేజరు మహానుభావుడు పన్నెండుమందికీ పెట్టించాడు. మూడు వారాలు చూద్దామమ్మా, తగ్గితే సరే, తగ్గకపోతే మెడ తిరగని మనిషిని రోడ్డు మీదకి పంపకూడదు అన్నాడు."

"ఒట్టు వేశావు కదే!"

"ఒట్టు తీసి గట్టున పెట్టాను. పొద్దున్నే ఆ మెడ పట్టుకునేది నేనా, నువ్వా? మూడు వారాల్లో తగ్గకపోగా ఇంకా బిగిసిపోయింది. ఇవాళ వెళ్లి అదే చెప్పాను. ఆయన నీ కాగితం తీసి చూపించాడు. హాయిగా ఉంది, ఏ లోపమూ లేదని నీ సంతకం. అద్దంలో లోపం లేదంటే లోపం మెడలోనే ఉందమ్మా అన్నాడు. నేనేం చెప్పను? సోమవారంనుంచి పెట్టెల గది." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నన్ను తిట్టుకుంటావని తెలుసు. నువ్వు రోడ్డు మీద పడి ఉన్నావని ఎవరో వచ్చి చెప్పేకన్నా నీ తిట్లే నయం."

అద్దాల వెనకాల ఏదో ఉందని వాసన పట్టాడే, ఆ ఏదో ఇదీ. పక్షి గోడకి ఆనుకుని, గబగబా కొలతలక్క సంగతి మొదలుపెట్టాడు. దారం, నాలుగు వేళ్లు, కొత్త అద్దం, అన్నీ కలగాపులగంగా చెప్పి, "ఇప్పుడు నొప్పి లేదే! అస్సలు లేదు!" అన్నాడు.

"ఎప్పుడు ఉందన్నావు గనక?"

"ఈసారి నిజం!"

"పోయినసారి కూడా నిజమనే చెప్పావు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "లోకమంతా నీకు అబద్ధాలు చెబుతోందని ఇన్నేళ్లూ కాపలా కాశావు. చెప్పింది నువ్వొక్కడివే కదయ్యా."

ఎదురు మాట్లాడదామని నోరు తెరిచాడు. ఏ మాట అన్నా ఆవిడ నమ్మదు. తప్పు ఆవిడది కాదు. ఆవిడే లేచి చెప్పులేసుకుంది.

"పద. మేనేజరు ఇంకా ఉంటాడు. ఇదంతా ఆయన ముందు చెప్పు."

"చెబితే మెడ పోయినవాణ్ణే కాదు, అబద్ధాలకోరుని కూడా అవుతాను. అప్పుడు బండి ఇస్తారా?"

"ఏమో. ఇవ్వకపోవచ్చు," అంది ఆవిడ.

మేనేజరు గదిలో పక్షి కూర్చోమన్నా కూర్చోలేదు. రెండేళ్ల మెడనొప్పి దగ్గర్నుంచి సైకిలామె దాకా ఒక్కటి వదలకుండా చెప్పాడు. కాగితాల్లో రాసినవన్నీ అబద్ధాలేనన్నాడు. మేనేజరు వింటూ వింటూ పెన్ను కింద పెట్టాడు.

"ఇన్ని అబద్ధాలు చెప్పానంటున్నారు. ఇప్పుడు తగ్గిందన్న మాట నేనెలా నమ్మాలి?"

"నమ్మకండి సార్," అన్నాడు పక్షి. "నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు. రోజూ నన్ను అనుమానంగానే చూడండి. బండి ఎక్కేటప్పుడు చూడండి, దిగాక చూడండి. మెడ తిరక్కపోతే ఆ రోజే ఆ గదిలో వెయ్యండి. నోరెత్తను."

మేనేజరు పక్కనే ఉన్న పక్షి భార్య వైపు చూశాడు. ఆయన సోమవారం ఉత్తర్వుని చింపలేదు గానీ, సొరుగులో పెట్టాడు. "రేపట్నుంచి పొద్దున ఏడింటికి నా దగ్గరికి రండి. సాయంత్రం దిగాక మళ్లీ రండి. రెండు వారాలు నేనే చూస్తాను," అన్నాడు.

బయటికొచ్చి పక్షి బండి స్టార్టు చేశాడు. ఆవిడ వెనక ఎక్కి కూర్చుని, ఆయన మెడ మీద చెయ్యి వేసింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

పక్షి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కొంచెం ఉంది," అన్నాడు.